అంచు మూడంగుళాలే: మొబైల్ యాప్‌లో ఫోటో నిష్పత్తి చెడకుండా కుదించడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి

మంగళగిరిలో మా పిన్ని వాళ్ళకి చేనేత చీరల కొట్టుంది. కొట్టు కోసం చిన్న ఆండ్రాయిడ్ యాప్ చేసిపెట్టమని అడిగితే సరదాగా ఒప్పుకున్నాను. స్టాండ్ మీద వేలాడదీసిన చీరని ఫోన్ నిలువుగా పట్టుకుని ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి, కొనేవాళ్ళు చూసి వాట్సాప్‌లో అడుగుతారు. అంతే పని. వారం తిరక్కుండానే పిన్ని ఫోన్ చేసింది.

"ఏరా, ఆ ఆకుపచ్చ చీరకి ఉన్నది మూడంగుళాల అంచేగా? ఫోటోలో నాలుగంగుళాలు చూపించి మూడు పంపారని ఒకావిడ గొడవ పెట్టుకుంది. నువ్వేం చేశావురా ఫోటోలకి?"

చేసింది నేనే. జాబితాలో అన్నీ చతురస్రాలుగా కనిపిస్తే బాగుంటుందని ప్రతి ఫోటోనీ 600 × 600 పిక్సెళ్ళకి కుదించేశాను. ఫోన్ ఇచ్చే ఫోటో 3000 × 4000. వెడల్పుని 0.2 తో, ఎత్తుని 0.15 తో గుణించినట్టయింది. ఎత్తుతో పోలిస్తే వెడల్పు మూడో వంతు పెరిగింది. మూడుకి మూడో వంతు కలిపితే నాలుగు. ఆవిడ కళ్ళు సరిగ్గానే కొలిచాయి.

ఆ తర్వాత ఆ యాప్‌ని ఐఫోన్‌కీ, ఆపైన ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకీ యాప్ చేసిపెట్టే ఫ్లట్టర్‌కీ మార్చాను. ఈ చిన్న పనికి ఎన్ని దారులున్నాయో, ఏ దారిలో ఎక్కడ కాలు జారుతుందో అప్పుడు తెలిసింది. నాకు మిగిలిన గుర్తు ఒకటే: కుదించమని అడిగినప్పుడు మీ దగ్గర్నుంచి ఎన్ని అంకెలు తీసుకుంటుందో చూసి ఫంక్షన్‌ని ఎంచుకోండి. ఒక్క అంకె అడిగేదానికి నిష్పత్తిని చెడగొట్టే వీలే లేదు, రెండో వైపు తనే లెక్కేసుకుంటుంది. రెండు అంకెలు అడిగితే మాత్రం వాటితో ఏం చేస్తుందో డాక్యుమెంటేషన్‌లో చదివాకే వాడండి. ఆ రెండింటినీ పెట్టె కొలతలుగా తీసుకునేవి కొన్ని, ఉన్నదున్నట్టు పాటించి ఫోటోని సాగదీసేవి కొన్ని, రెండు వైపులా కనీస కొలతలుగా తీసుకునేవి కూడా ఉన్నాయి.

అసలు కుదించాల్సింది ఫోటోనా, చూపించే తీరునా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫోటో తెర మీద సరిగ్గా కూర్చోకపోతే కోడ్ రాసి ఫోటోనే మార్చేస్తారు. నేనూ అదే చేశాను. జాబితాలో చతురస్రం కావాలంటే ఫోటోని ముట్టుకోనక్కర్లేదు, దాన్ని చూపించే వ్యూకి ఎలా సర్దాలో చెబితే చాలు.

సర్దడంలో మూడు రకాలున్నాయి. మొత్తం ఫోటో కనిపించేలా లోపల ఇమిడ్చి పక్కన ఖాళీ వదలడం ఒకటి. పెట్టె నిండేదాకా పెంచి మిగిలింది కత్తిరించడం రెండోది. పెట్టె ఆకారానికి సాగదీయడం మూడోది. మొదటి రెండింటిలో నిష్పత్తి చెడదు. మూడోది నా 600 × 600 బాపతు.

చిక్కంతా పేర్లతోనే. ఆండ్రాయిడ్ ఇమేజ్‌వ్యూలో ఇమిడ్చేది ఫిట్‌సెంటర్, కత్తిరించేది సెంటర్‌క్రాప్, సాగదీసేది ఫిట్‌ఎక్స్‌వై. ఐఫోన్‌లో వరుసగా స్కేల్‌యాస్పెక్ట్‌ఫిట్, స్కేల్‌యాస్పెక్ట్‌ఫిల్, స్కేల్‌టుఫిల్. ఫ్లట్టర్‌లో కంటెయిన్, కవర్, ఫిల్. ఫ్లట్టర్ లాంటిదే అయిన రియాక్ట్ నేటివ్‌లో కంటెయిన్, కవర్, స్ట్రెచ్. "ఫిల్" అనే మాటని చూడండి. ఐఫోన్‌లో యాస్పెక్ట్‌ఫిల్ అంటే కత్తిరిస్తుంది, ఫ్లట్టర్‌లో ఉత్త ఫిల్ అంటే సాగదీస్తుంది. ఒక ప్లాట్‌ఫామ్ నుంచి ఇంకోదానికి కోడ్ మార్చేటప్పుడు ఈ ఒక్క మాట దగ్గర చెయ్యి ఆపి చూసుకోవాలి.

మనం ఏమీ చెప్పకపోతే ఏం జరుగుతుందన్నదీ అన్నిచోట్లా ఒకటి కాదు. ఆండ్రాయిడ్ ఇమేజ్‌వ్యూ దానంతటది ఇమిడ్చి చూపిస్తుంది, కాబట్టి సాగదీత ఉండదు. ఐఫోన్‌లో యూఐఇమేజ్‌వ్యూ మాత్రం మామూలుగా స్కేల్‌టుఫిల్, అంటే సాగదీస్తుంది. ఐఫోన్ తెరలు రాసే కొత్త పద్ధతి స్విఫ్ట్‌యూఐలో రీసైజబుల్ ఒక్కటే రాసి స్కేల్డ్‌టుఫిట్ మర్చిపోయినా అంతే. ఆండ్రాయిడ్ మీద పెరిగిన నాలాంటివాడు ఐఫోన్‌కి వెళ్ళిన మొదటి రోజు దీని మీదే పడతాడు.

చీరల యాప్‌కి నా ఎంపిక: జాబితాలో సెంటర్‌క్రాప్, చీర మీద నొక్కి లోపలికి వెళ్ళాక ఫిట్‌సెంటర్. జాబితాలో కొంగు చివర కాస్త తెగినా ఎవరికీ నష్టం లేదు. లోపలి పేజీలో అంచు తెగితే మాత్రం పిన్ని మళ్ళీ ఫోన్ చేస్తుంది. ఒక చిన్న సంగతి: ఫిట్‌సెంటర్ చిన్న ఫోటోలని పెట్టె సైజుకి పెంచుతుంది కూడా. పాత కీప్యాడ్ ఫోన్ నుంచి వచ్చిన 320 × 240 ఫోటో మసకమసగ్గా తెరంతా నిండిపోతుంది. అది వద్దనుకుంటే సెంటర్‌ఇన్‌సైడ్ వాడండి, అది పెద్దవాటిని తగ్గిస్తుందే తప్ప చిన్నవాటిని పెంచదు.

అయితే ఇదంతా చూపించే తీరు మాత్రమే. 200 పిక్సెళ్ళ చిన్న పెట్టెలో చూపించినా, 3000 × 4000 ఫోటోని పూర్తిగా డీకోడ్ చేస్తే, అంటే ఫైల్‌ని విప్పి పిక్సెళ్ళుగా మారిస్తే, అది మెమరీలో పూర్తి చోటు ఆక్రమిస్తుంది. పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన 4 కోట్ల 80 లక్షల బైట్లు, 48 ఎంబీ. ఫైల్ సైజు 3 ఎంబీయే కదా అనుకోకండి. అది డిస్కు మీద జేపెగ్ రూపంలో చుట్టి పెట్టినప్పటి లెక్క, విప్పాక 48. జాబితాలో పది చీరలు పేరిస్తే 480 ఎంబీ. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో యాప్ మూసుకుపోవడానికి అది చాలు. ఫోటోని నిజంగా కుదించాల్సింది ఇందుకు. రెండో కారణం అప్‌లోడ్: ఊళ్ళో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట 3 ఎంబీ ఫోటోలు ఇరవై పంపడం పిన్నికి పెద్ద టెన్షన్.

లెక్క చిన్నదే, తప్పులు మాత్రం మూడు రకాలు

పెట్టె వెడల్పుని ఫోటో వెడల్పుతో భాగించండి. పెట్టె ఎత్తుని ఫోటో ఎత్తుతో భాగించండి. వచ్చిన రెండింటిలో చిన్నదాన్ని తీసుకోండి, అది 1 కంటే ఎక్కువైతే 1 అనుకోండి. ఆ ఒక్క సంఖ్యతోనే రెండు వైపులనీ గుణించండి. కత్తిరింపు కావాలంటే చిన్నదానికి బదులు పెద్దది తీసుకోవాలి, మిగతాది అంతా ఇదే.

మొదటి తప్పు: కోట్లిన్‌లో, జావాలో, స్విఫ్ట్‌లో పూర్ణ సంఖ్యల భాగహారం. 1080 ని 3000 తో భాగిస్తే 0.36 రావాలి, ఇంట్‌లతో చేస్తే 0 వస్తుంది. సున్నా వెడల్పు బిట్‌మ్యాప్ (మెమరీలో విప్పిన ఫోటో) అడిగితే యాప్ అక్కడికక్కడే పడిపోతుంది. ముందే ఫ్లోట్‌కి, అంటే దశాంశ సంఖ్యకి మార్చుకోండి. రెండో తప్పు: బాగా పొడుగాటి ఫోటోలకి చిన్న వైపు లెక్క 0.4 లాంటి అంకెకి దిగి, రౌండ్ చేస్తే మళ్ళీ సున్నా. కనీసం 1 ఉండేలా చూసుకోవాలి.

మూడోది కాస్త లోతుగా చూడాల్సిన తప్పు. ఫోన్‌ని నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు ఫోటోని 4000 × 3000 గా అడ్డంగానే దాచి, "చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు" అని ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైల్‌లోనే దాగి ఉండే వివరాల్లో) ఒక గుర్తు రాసి పెడతాయి. ఆ గుర్తుకి 1 నుంచి 8 వరకు విలువలుంటాయి, నిలువు ఫోటోలకి తరచుగా కనిపించేది 6. ఆండ్రాయిడ్‌లో ఫోటోలని డీకోడ్ చేసే పాత బిట్‌మ్యాప్‌ఫ్యాక్టరీ ఈ గుర్తుని పట్టించుకోదు.

ఇప్పుడు పెట్టె 1080 × 1440 అనుకోండి. ఫైల్ చెప్పిన 4000 × 3000 ని నమ్మి లెక్కేస్తే 0.27, 0.48 వస్తాయి. చిన్నది 0.27. ఫోటో 1080 × 810 అవుతుంది. తర్వాత గుర్తొచ్చి తిప్పితే 810 × 1080. నిష్పత్తి చెడలేదు, చీర నిలువుగానే ఉంది, చూసినవాళ్ళకి తప్పు కనిపించదు. కానీ ముందే తిప్పి 3000 × 4000 తో లెక్కేసి ఉంటే రెండు వైపులా 0.36 వచ్చి, పెట్టె నిండా 1080 × 1440 దొరికేది. పిక్సెళ్ళలో దాదాపు సగం ఊరికే పోగొట్టుకున్నాం, జరీ మెరుపు మసకబారింది. కారణం తెలియక నేను రెండు రోజులు జేపెగ్ క్వాలిటీ అంకెని పెంచుకుంటూ కూర్చున్నాను. తిప్పే లెక్క ముందు, కుదించే లెక్క తర్వాత.

ఆండ్రాయిడ్: చేత్తో రాయాలా, లైబ్రరీకి వదిలేయాలా

వెతికితే ముందుగా కనిపించేది క్రియేట్‌స్కేల్డ్‌బిట్‌మ్యాప్. వాడటం తేలిక, ఒక్క లైను. కానీ ఇది రెండు అంకెలు అడిగే రకం. ఇచ్చిన వెడల్పు, ఎత్తు ఉన్నదున్నట్టు పాటిస్తుంది, నిష్పత్తి బాధ్యత పూర్తిగా మీదే. పైగా ఇది పని మొదలుపెట్టే సరికే పూర్తి ఫోటో మెమరీలోకి వచ్చేసి ఉండాలి. 48 ఎంబీ తెచ్చాక కుదిస్తే, ఏ గండం తప్పించుకోవాలనుకున్నామో ఆ గండంలో అప్పటికే పడ్డట్టు.

ఇంకో లోపం చీరల వల్లే నా కంట పడింది. చిన్న గళ్ళ నూలు చీరని 3000 నుంచి ఒకేసారి 300 వెడల్పుకి కుదిస్తే, గళ్ళ మీద లేని అలలు వచ్చి పడ్డాయి. ఫిల్టర్ అన్నచోట ట్రూ ఇచ్చినా పోలేదు. ఆ ఫిల్టర్ బైలీనియర్. కొత్త పిక్సెల్ ఒక్కోదానికి పాత ఫోటోలో పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్ళని మాత్రమే చూస్తుంది. పది వంతులు కుదించినప్పుడు ఒక్కో కొత్త పిక్సెల్ వెనక నిజానికి వంద పాతవి ఉంటాయి. నాలుగింటిని చూసి తొంభై ఆరింటిని వదిలేస్తే, ఒక గడిలో పోగు తగులుతుంది, పక్క గడిలో సందు తగులుతుంది. ఆ అలలు అక్కడివే. సాదా రంగు పట్టు చీరల మీద ఇది కనిపించదు, గళ్ళ చీర వచ్చేదాకా మన కోడ్ బాగున్నట్టే ఉంటుంది.

అందుకే చేత్తో రాయాలనుకుంటే బిట్‌మ్యాప్‌ఫ్యాక్టరీని రెండు విడతల్లో వాడాలి. మొదటి విడత ఇన్‌జస్ట్‌డీకోడ్‌బౌండ్స్‌ని ట్రూ చేసి ఫోటో కొలతలు మాత్రం చదవండి, పిక్సెళ్ళేవీ మెమరీలోకి రావు. రెండో విడత ఇన్‌శాంపిల్‌సైజ్ ఇచ్చి డీకోడ్ చేయండి. ఇది ఒక్క అంకె తీసుకునే రకం, రెండు వైపులనీ ఒకే అంకెతో భాగిస్తుంది, కాబట్టి నిష్పత్తికి ఢోకా లేదు. 2 ఇస్తే 1500 × 2000 వస్తుంది, 12 ఎంబీ. 4 ఇస్తే 750 × 1000, 3 ఎంబీ. 3 ఇస్తే? 2 ఇచ్చినట్టే. రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపులకే అది లొంగుతుంది, మధ్య అంకెలని కిందికి దించేసుకుంటుంది. జేపెగ్‌ని సగానికి, పావుకి, ఎనిమిదో వంతుకి తగ్గించడం డీకోడర్ లోపలే జరిగిపోతుంది కాబట్టి వేగంగానూ ఉంటుంది, అలలూ తక్కువ.

మనకి కావలసింది 1080 × 1440 అయితే 4 ఇవ్వకూడదు, 750 నుంచి పైకి పెంచాల్సి వస్తుంది. కావలసిన కొలత కంటే కిందికి దిగని అతి పెద్ద అంకె తీసుకోవాలి, ఇక్కడ 2. వచ్చిన 1500 × 2000 ని అప్పుడు క్రియేట్‌స్కేల్డ్‌బిట్‌మ్యాప్‌తో 1080 × 1440 కి దించండి. ఈ చివరి అడుగు సగం కంటే తక్కువ కుదింపు కాబట్టి నాలుగు పిక్సెళ్ళ ఫిల్టర్ చాలు. డీకోడ్ అయిన ఫోటో 48 బదులు 12 ఎంబీ దగ్గర ఆగి, చివరికి 6.2 ఎంబీ దగ్గర నిలబడుతుంది.

ఆండ్రాయిడ్ 9 నుంచి, అంటే ఏపీఐ 28 నుంచి, ఇమేజ్‌డీకోడర్ వచ్చింది. ఫోటో హెడర్ (ఫైల్ మొదట్లో ఉండే వివరాలు) చదవగానే మీ కోడ్‌ని పిలిచి కొలతలు చెబుతుంది, అక్కడే సెట్‌టార్గెట్‌సైజ్ ఇస్తే డీకోడ్‌తోపాటే కుదింపు అయిపోతుంది. రెండు విడతల తతంగం లేదు. కానీ ఇదీ రెండు అంకెల రకమే, మీరు 600, 600 అని రాస్తే మారుమాట్లాడకుండా సాగదీసి ఇస్తుంది. పైన చెప్పిన లెక్క మీరే వేసి ఇవ్వాలి. ఇంకో మెలిక: ఇది మామూలుగా గ్రాఫిక్స్ మెమరీలో ఉండే హార్డ్‌వేర్ బిట్‌మ్యాప్ ఇస్తుంది. దాని మీద కొట్టు పేరు వాటర్‌మార్క్ వేయాలన్నా, పిక్సెళ్ళు చదవాలన్నా కుదరదు. అలాంటి పని ఉంటే ఫోటోని ఏ మెమరీలో పెట్టాలో చెప్పే అలొకేటర్‌ని సాఫ్ట్‌వేర్‌కి మార్చుకోండి, దాని మీద గీయాలంటే సెట్‌మ్యూటబుల్‌రిక్వైర్డ్ కూడా ట్రూ చేయండి.

ఇక లైబ్రరీలు, అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్. తెర మీద చూపించడానికే అయితే వీటిని వదిలి చేత్తో రాయడం ఇప్పుడు దండగ. గ్లైడ్ అయినా కాయిల్ అయినా వ్యూ ఎంత ఉందో చూసుకుని అంతకే డీకోడ్ చేస్తాయి, ఎగ్జిఫ్ గుర్తు ప్రకారం తిప్పుతాయి, స్క్రోల్ చేసినప్పుడు పాత పని రద్దు చేస్తాయి, ఒకసారి తెచ్చినదాన్ని మళ్ళీ వాడటానికి దాచుకుంటాయి (క్యాష్). కోట్లిన్, దానితో తెరలు రాసే కంపోజ్ వాడేవాళ్ళయితే కాయిల్ ఇంట్లో మనిషిలా ఉంటుంది. జావా కోడ్ ఎక్కువున్న పాత ప్రాజెక్టయితే గ్లైడ్‌ని కదపకండి. గ్లైడ్‌తో ఒకే జాగ్రత్త: వ్యూకి ర్యాప్‌కంటెంట్ (లోపలున్నదాన్ని బట్టి సైజు) ఇస్తే ఎంత కావాలో దానికి తెలియక తెర అంత పెద్ద ఫోటో తెచ్చుకుంటుంది. చిన్న పెట్టెకి కచ్చితమైన కొలత ఇవ్వండి, లేదా ఓవర్‌రైడ్‌తో కొలత రాయండి.

పాత కోడ్‌లో పికాసో అనే ఇంకో లైబ్రరీ కనిపిస్తే రీసైజ్ అన్న పిలుపుని వెతకండి. దాని పక్కన సెంటర్‌క్రాప్ గానీ సెంటర్‌ఇన్‌సైడ్ గానీ లేకపోతే సాగదీస్తుంది. ఒక వైపు 0 ఇస్తే మాత్రం ఆ వైపుని తనే లెక్కేసుకుంటుంది. నా పాత యాప్‌లో బాగుచేసింది ఇదే పద్ధతిలో, ఒక్క సున్నా పెట్టి.

అప్‌లోడ్‌కి ముందు కుదించి ఫైల్ రాయాలంటే? గ్లైడ్‌తో చేయొచ్చుగానీ, నేనైతే ఇక్కడ చేత్తో రాసిన కోడే వాడతాను. ఏ కొలతకి దిగిందో, ఏ క్వాలిటీతో రాశానో నా కళ్ళముందే ఉంటుంది. బిట్‌మ్యాప్‌ని కంప్రెస్ చేసి రాసిన కొత్త ఫైల్‌లో పాత ఎగ్జిఫ్ ఏదీ ఉండదు. తిప్పడం మర్చిపోతే ఇక సరిచేసే ఆధారమూ ఉండదన్నమాట. మంచి కూడా ఉంది, ఫోటో తీసిన చోటు వివరాలూ అక్కడితో చెరిగిపోతాయి. మగ్గం ఎవరింట్లో ఉందో ఊరందరికీ తెలియనక్కర్లేదు.

ఐఫోన్: చిన్నది చేశాననుకుంటే పెద్దదైంది

ఐఫోన్‌లో అందరూ రాసేది యూఐగ్రాఫిక్స్‌ఇమేజ్‌రెండరర్. ఐఓఎస్ 10 నుంచి ఉంది. కొత్త కొలత ఇచ్చి, అందులో పాత ఫోటోని గీయడం. నిష్పత్తి లెక్క ఏవీఫౌండేషన్‌లోని ఏవీమేక్‌రెక్ట్ వేసిపెడుతుంది: ఫోటో కొలత, పెట్టె కొలత ఇస్తే లోపల ఇమిడే దీర్ఘచతురస్రం చేతిలో పెడుతుంది. వీడియోల కోసం పెట్టిన ఫంక్షన్, ఫోటోలకీ చక్కగా పనికొస్తుంది. యూఐఇమేజ్ సైజు ఎగ్జిఫ్ గుర్తుని లెక్కలోకి తీసుకునే చెబుతుంది కాబట్టి ఆ బెడదా తక్కువ. లోపలి సీజీఇమేజ్ వెడల్పుని అడిగితే మాత్రం అది పచ్చి కొలత చెబుతుంది, రెండింటినీ కలిపి వాడకండి.

గొయ్యి వేరేచోట ఉంది. ఆ రెండరర్‌కి ఇచ్చే కొలతలు పిక్సెళ్ళు కావు, పాయింట్లు. 3x తెర ఉన్న ఐఫోన్‌లో ఒక పాయింట్‌కి మూడు పిక్సెళ్ళు. 12 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చిన 3024 × 4032 ఫోటోని 1080 × 1440 కి దించమన్నాననుకుని అడిగితే, చేతికి వచ్చింది 3240 × 4320. అసలు ఫోటోలో ఉన్నవి కోటీ 22 లక్షల పిక్సెళ్ళయితే, "కుదించిన" దాంట్లో కోటీ 40 లక్షలు. అప్‌లోడ్ తగ్గాల్సింది పెరిగింది. ఫార్మాట్‌లో స్కేల్‌ని 1 చేస్తే సరిపోతుంది. ఆ ఒక్క లైను లేని కోడ్ ఎన్ని యాప్‌లలో తిరుగుతోందో!

నాకు నచ్చిన దారి ఇమేజ్‌ఐఓ. సీజీఇమేజ్‌సోర్స్‌తో ఫైల్ తెరిచి, థంబ్‌నెయిల్ తయారుచేయమని అడగడం. థంబ్‌నెయిల్ అన్న పేరు చూసి చిన్న బొమ్మలకే అనుకోవద్దు, 2000 పిక్సెళ్ళది అడిగినా ఇస్తుంది. ఇది అడిగేది ఒకే అంకె, మ్యాక్స్‌పిక్సెల్‌సైజ్, అంటే పొడవైన వైపు ఎంత ఉండాలన్నది. 1440 అంటే నిలువు చీరకి 1080 × 1440, అడ్డంగా పరిచిన చీరకి 1440 × 1080. సాగదీయమని బతిమాలినా సాగదీయలేదు. పూర్తి ఫోటోని మెమరీలో విప్పకుండానే పని ముగిస్తుంది. 2018 డబ్ల్యూడబ్ల్యూడీసీలో (ఆపిల్ ఏటా జరిపే డెవలపర్ల సదస్సు) ఆపిల్ ఇంజనీర్లు పెద్ద ఫోటోలకి సిఫార్సు చేసింది కూడా ఈ పద్ధతినే. రెండు ఆప్షన్లు మర్చిపోవద్దు. క్రియేట్‌థంబ్‌నెయిల్‌విత్‌ట్రాన్స్‌ఫార్మ్ ట్రూ ఇవ్వకపోతే ఫోటో పక్కకి పడుకుని వస్తుంది. ఫ్రమ్‌ఇమేజ్‌ఆల్వేస్ ట్రూ ఇవ్వకపోతే కెమెరా ఫైల్‌లో ముందే దాచిన చిన్న నమూనా బొమ్మ చేతికొచ్చి మసకగా కనిపించే ప్రమాదముంది. ఫైల్ డిస్కు మీదుంటే ఇమేజ్‌ఐఓ, మీరే గీసిన బొమ్మ ఇప్పటికే మెమరీలో ఉంటే రెండరర్. ఐఫోన్‌కి ఇంతకుమించి ఆలోచించక్కర్లేదు.

ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్

ఫ్లట్టర్‌లో పిన్ని యాప్‌కి కుదింపు కోడ్ దాదాపు రాయాల్సిన అవసరమే పడలేదు. ఫోటో ఎంచుకోవడానికి వాడే ఇమేజ్‌పికర్‌లో మ్యాక్స్‌విడ్త్, మ్యాక్స్‌హైట్ ఇస్తే వాటిని పెట్టెగా తీసుకుని నిష్పత్తి చెడకుండా లోపలికి దించుతుంది. రెండు అంకెలు అడిగినా బుద్ధిమంతుడు. కెమెరా నుంచి తీసి అప్‌లోడ్ చేయడమే మీ పనైతే ఇక్కడితో ఆగిపోండి.

చూపించేటప్పుడు క్యాష్‌విడ్త్, క్యాష్‌హైట్ ఉన్నాయి. ఒక్కటే ఇవ్వండి. రెండూ ఇస్తే మామూలుగా రెంటినీ కచ్చితంగా పాటించి సాగదీస్తుంది, ఆ పైన బాక్స్‌ఫిట్ కవర్ పెట్టినా అప్పటికే సాగిన ఫోటోనే కవర్ అవుతుంది. "కవర్ పెట్టాను కదా, ఎందుకు లావుగా ఉంది" అని తలపట్టుకునేది ఇక్కడే. ఆ అంకె అసలు పిక్సెళ్ళలో ఉండాలి, కాబట్టి 200 వెడల్పు పెట్టెకి 200 అని రాస్తే మసక. డివైస్ పిక్సెల్ రేషియోతో (ఆ తెర మీద ఒక కొలతకి ఎన్ని అసలు పిక్సెళ్ళో చెప్పే అంకె) గుణించి ఇవ్వండి.

మూడో దారి ఇమేజ్ అనే ప్యాకేజీ, ఫ్లట్టర్ భాష డార్ట్‌లో రాసింది, అందులోని కాపీరీసైజ్. వెడల్పు ఒక్కటే ఇస్తే ఎత్తు తనే చూసుకుంటుంది. కానీ అంతా డార్ట్‌లోనే చేసే లెక్క కాబట్టి పెద్ద ఫోటోలకి నెమ్మది, ఐసోలేట్‌లో (తెరతో సంబంధం లేకుండా వెనక వేరుగా నడిచేది) పెట్టకపోతే తెర బిగుసుకుపోతుంది. పైగా ఇంటర్‌పొలేషన్ (కొత్త పిక్సెల్ రంగుని లెక్కేసే పద్ధతి) చెప్పకపోతే నియరెస్ట్, అంటే దగ్గరున్న ఒక్క పిక్సెల్‌నే తీసుకుంటుంది. గళ్ళ చీరలకి అంతకంటే అన్యాయం లేదు, యావరేజ్ అని చెప్పండి. ఫోన్ వైపు నేటివ్ కోడ్‌తో పనిచేసే ఫ్లట్టర్ ఇమేజ్ కంప్రెస్ వేగంగా ఉంటుంది. దాని పేర్లు మాత్రం తిరగేసినట్టుంటాయి: మిన్‌విడ్త్, మిన్‌హైట్. ఏమీ ఇవ్వకపోతే 1920, 1080. అవి పెట్టె కొలతలు కావు, రెండు వైపులా అంతకంటే తగ్గొద్దని చెప్పే కనీసాలు. 4000 × 2000 ఫోటో ఇస్తే 1920 × 960 రాదు, 2160 × 1080 వస్తుంది. నిష్పత్తి భద్రమే, అనుకున్న కొలత మాత్రం దాటిపోతుంది.

రియాక్ట్ నేటివ్‌లో, దానికి తోడుగా వచ్చే ఎక్స్‌పో సాధనాలు వాడేవాళ్ళయితే, ఇమేజ్‌మానిప్యులేటర్‌లో రీసైజ్‌కి వెడల్పు ఒక్కటే ఇవ్వండి. రెండోది అదే చూసుకుంటుంది.

ఒక్క అంకెని ఇంత పొగిడాక దానికున్న లోపమూ చెప్పాలి. వెడల్పు ఒక్కటే ఇవ్వడం, పొడవైన వైపు ఒక్కటే ఇవ్వడం ఒకటి కాదు. ఎవరో 1080 × 8000 పొడుగాటి స్క్రీన్‌షాట్ ఎక్కిస్తే, వెడల్పు 600 అని చెప్పిన కోడ్ దాన్ని 600 × 4444 చేసి పెడుతుంది. నిష్పత్తి పదిలం, మెమరీ గోవిందా. తెలియనివాళ్ళ నుంచి ఫోటోలు వచ్చే యాప్ అయితే పొడవైన వైపుకే హద్దు పెట్టండి.

సర్వర్‌కి అప్పగిస్తే

చీరలు రెండొందలు దాటాక నేను చివరికి చేరింది ఇక్కడికే. ఫోన్ ఒకసారి పొడవైన వైపు 2000 కి దించి పంపుతుంది, సర్వర్ దాని నుంచి జాబితాకి ఒకటి, లోపలి పేజీకి ఒకటి తయారుచేసి పెడుతుంది. కొనేవాళ్ళ ఫోన్‌కి కావలసినంతే దిగుతుంది, డేటా ఆదా. సర్వర్ కోడ్ నోడ్‌లో (జావాస్క్రిప్ట్) రాసి, ఫోటోలకి షార్ప్ లైబ్రరీ వాడితే ఫిట్‌ని ఇన్‌సైడ్ అని చెప్పండి. రెండు కొలతలిచ్చి ఏమీ చెప్పకపోతే అది కవర్ తీసుకుని కత్తిరించేస్తుంది, కొంగులు పోతాయి. తిప్పడానికి రొటేట్‌ని ఖాళీగా పిలవాలి, పెంచకుండా ఉండటానికి వితౌట్‌ఎన్‌లార్జ్‌మెంట్. యాభై ఫోటోల యాప్‌కి ఇదంతా పెట్టుకోకండి, నెలనెలా బిల్లు తప్ప మిగిలేది లేదు.

ఏ దారి ఎంచుకున్నా ఎక్కించి చూడాల్సిన ఫోటోలు నాలుగున్నాయి: నిలువుగా పట్టుకుని తీసింది, అడ్డంగా తీసింది, పొడుగాటి స్క్రీన్‌షాట్, చిన్న గళ్ళ బట్ట. అయిదోది పిన్ని కనిపెట్టింది. నేను కొత్త వెర్షన్ పంపిన ప్రతిసారీ వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి, చీర వేలాడదీసే స్టాండుకి ఆనించి, ఎదురుగా నిలబడి ఫోటో తీసి ఎక్కిస్తుంది. యాప్‌లో పళ్ళెం గుండ్రంగా కనిపిస్తే చీరలు ఎక్కించడం మొదలుపెడుతుంది. కోడిగుడ్డులా కనిపిస్తే నాకు ఫోన్ వస్తుంది.